బస్సు సీను, తొమ్మిది నిమిషాలు

శుక్రవారం మార్నింగ్ షోకు నూట నలభై మూడు టికెట్లు తెగాయి. హాల్లో సీట్లు ఆరు వందల పన్నెండు. విజయశ్రీ బాల్కనీలో మూడో వరుస చివర కూర్చుంది. ఆమె కొత్తపేటలోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో రక్తం తీసే పని చేస్తుంది. ఆ పూట సెలవు పెట్టి దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది. సినిమా తీసింది ఆమె తమ్ముడు మధు. అతను కూర్చోలేదు. తెర పక్కన తలుపు దగ్గర నిలబడి జనం ముఖాలు చూస్తున్నాడు.

సినిమా పేరు 'లాస్ట్ స్టాప్ హయత్‌నగర్'. కథంతా ఒక సిటీ బస్సులో జరుగుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు వెళ్లే శైలు అనే అమ్మాయి వెనక ఒకడు రోజూ బస్సెక్కుతాడు. ఆమె కూర్చునే సీటు ముందు, ఎదురు సీటు వీపు మీద, మార్కర్‌తో ఆమె పేరు రాస్తాడు. అదే బస్సులో ఒక హత్య జరుగుతుంది. వెంటపడేవాడే హంతకుడా, నిజంగా ప్రేమిస్తున్నాడా అన్న అనుమానంతో ఇంటర్వెల్. మధ్యమధ్యలో కండక్టర్ కెమెరా వైపు తిరిగి ప్రేక్షకులతోనే మాట్లాడతాడు. చిల్లర లేదని వాళ్లను కూడా తిడతాడు.

సీటు మీద పేరు కనిపించినప్పుడు కింద కుర్రాళ్లు ఈల వేశారు.

పదేళ్ల క్రితం అలా బస్సు సీట్ల మీద పడిన పేరు విజయశ్రీది. అప్పుడు వాళ్లు హయత్‌నగర్‌లో ఉండేవాళ్లు. ఆమె గ్రూప్-2 కోచింగ్‌కు దిల్‌సుఖ్‌నగర్ వచ్చి పోయేది. ఒకడు నాలుగు నెలల పదకొండు రోజులు ఆమె వెనక బస్సెక్కాడు. కోచింగ్ సెంటర్ నోటీసు బోర్డు మీద పేరు చూసుకున్నాడు. ఆమె ఆ పేరును గోళ్ల రంగు తుడిచే మందుతో పదకొండు సీట్ల మీద తుడిచింది. పరీక్ష రోజు జ్వరమని చెప్పి ఇంట్లో పడుకుంది. అసలు కారణం తెలిసింది ఒక్క మధుకు. అప్పుడతనికి పదిహేడేళ్లు.

ఈ సినిమాకు ఆమె ఒక్క షరతు మీద కథ ఇచ్చింది. ఆఖరి సీను తనది. అందులో ఒక మాట తీయకూడదు, ఒక మాట కలపకూడదు. మధు అమ్మ మీద ఒట్టు వేశాడు. రెండు ఆదివారాలు ఆమె మాట్లాడింది, అతను ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు. శైలుగా నటించిన తన్మయి ఆ రికార్డు విని నేర్చుకుంది.

ఆ సీను ఇది. హంతకుడు ఇంకొకడని తేలుతుంది. వెంటపడినవాడు శైలు ప్రాణం కాపాడతాడు. నవ్వుకుంటూ వచ్చి ఆమె పక్క సీట్లో కూర్చుంటాడు. ఆమె లేచి బస్సు ఆపిస్తుంది. అందరి ముందు వాడితో మాట్లాడుతుంది. తొమ్మిది నిమిషాలు కెమెరా కదలదు. సంగీతం లేదు. సినిమా అంతా వాగిన కండక్టర్ నోరు తెరవడు. ఆ తర్వాత రెండు నిమిషాలు ఆమె దిగి రోడ్డు పక్కన నడుస్తుంది. అంతే.

తెర మీద శైలు "నువ్వు నన్ను చూసినన్ని రోజులు నేను కిటికీల నుంచి బయటికి చూడలే" అంటుండగా ఫోన్లు వెలగడం మొదలైంది. విజయశ్రీ లెక్కపెట్టింది. ఇరవై ఆరు. నాలుగో నిమిషంలో ఒకడు అరిచాడు.

"దిగరాదే అక్కా! మాకు లంచ్ టైమ్ అయితుంది!"

హాలు నవ్వింది. ఆరో నిమిషంలో పదకొండు మంది లేచి వెళ్లిపోయారు. ఆమె ముందు వరుసలో ఇద్దరు అమ్మాయిలు కోచింగ్ బ్యాగులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వాళ్లు కదల్లేదు.

బయట గేటు దగ్గర శ్రీకర్ మైకు పట్టుకుని ఉన్నాడు. ఒక యూట్యూబ్ ఛానల్‌కు అతను ప్రతి శుక్రవారం పబ్లిక్ టాక్ తీస్తాడు.

"ఎట్లుందన్నా సినిమా?"

"ఫస్టాఫ్ కిర్రాకన్నా! కండక్టర్ కామెడీ మామూలుగ లేదు. సెకండాఫ్ల ఆ బస్సు క్లాసేందన్నా? మా అమ్మ గూడ నన్ను గంతసేపు తిట్టది."

"లవ్ స్టోరీ అన్నరు, థ్రిల్లర్ అన్నరు, ఆఖర్కి మహిళా మండలి మీటింగ్ పెట్టిండ్రు. టూ అవుటాఫ్ ఫైవ్."

"నాకైతే సమజే కాలే బ్రో. కండక్టర్ మనతోని ఎందుకు మాట్లాడుతుండు? మనం గూడ టికెట్ తీస్కోవాల్నా?"

సైదాబాద్ నుంచి వచ్చానన్న ఒక పెద్దాయన మైకు దగ్గరకు ముఖం తెచ్చి చెప్పాడు. "చిన్న సినిమా అయినా కొత్తగా తీశారండీ. హత్య చేసిందెవరో చివరిదాకా పట్టుకోలేకపోయాను. కానీ ఆ కుర్రాడు మంచివాడే కదండీ, ప్రాణం కాపాడాడు. ఆ అమ్మాయి అన్ని మాటలనడం నాకు నచ్చలేదు."

బాల్కనీలో కూర్చున్న ఇద్దరిలో ఒకమ్మాయి ముందుకు వచ్చింది. "ఆ బస్సు సీను ఉంది కదా..."

"హీరో ఎట్లున్నడు మేడం? హ్యాండ్సమేనా?"

"నేను సీను గురించి చెప్తున్న."

"ఓకే మేడం, రేటింగ్ చెప్పుండ్రి."

"ఐదు."

"ఐదుకు ఐదిచ్చింది మేడం! నెక్స్ట్!"

మైకు అవతలికి పోయింది. విజయశ్రీని ఎవరూ అడగలేదు. ఆమె మెట్రో ఎక్కింది.

మ్యాట్నీ మొదలయ్యాక మేనేజర్ వెంకట్రావు తన గదిలోకి మధును, నిర్మాత వంశీకృష్ణను పిలిచాడు. వెంకట్రావుది తెనాలి. ఈ థియేటర్‌లో పదిహేడేళ్లుగా మేనేజర్. వంశీకృష్ణ మధుతో పాటు ఇంజనీరింగ్ చదివాడు. వాళ్ల కుటుంబం నరసరావుపేట నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడింది.

"సోమవారం నుంచి వేరే సినిమాకి ఆటలు ఇమ్మంటున్నారు" అన్నాడు వెంకట్రావు. "మీ సినిమా బాగోలేదని నేననను. కానీ ఆ పిల్ల బస్సు ఆపగానే మనవాళ్లు పార్కింగులో బళ్లు తీస్తున్నారు. ఆదివారం ఫస్ట్ షో చూసి నా మాట చెబుతాను. ఈలోగా ట్రిమ్ చేసుకోండి."

విడుదలయ్యాక టాక్ చూసి నిడివి తగ్గించడం ఈ పరిశ్రమలో మామూలు. పెద్ద సినిమాలకూ చేస్తారు. ప్రేక్షకుల కోరిక మేరకు అని పోస్టర్ వేస్తారు.

"పదకొండు నిమిషాలు లేపేద్దాం రా" అన్నాడు వంశీకృష్ణ. "మిగతాదంతా నిలబడుతుంది."

"అక్కకు మాటిచ్చిన."

"మీ అక్కకిచ్చావు. లేచి వెళ్లినవాళ్లకి ఇవ్వలేదుగా. అందరూ అదే సీను గురించి తిడుతున్నారు. విన్నావా లేదా?"

మధు ఒక ప్రశ్న అడిగాడు.

"మరి ఆఖర్ల ఏ షాట్ పెడదాం?"

వంశీకృష్ణ ఎడిటర్‌కు ఫోన్ చేశాడు.

శనివారం మధ్యాహ్నం రెండు శాంపిళ్ల మధ్య విజయశ్రీ ఫోన్‌లో ఆ పోస్టర్ చూసింది. 'ప్రేక్షకుల కోరిక మేరకు 11 నిమిషాలు ట్రిమ్! ఆదివారం మ్యాట్నీ నుంచి కొత్త క్లైమాక్స్!' పక్కన మూడు మంట బొమ్మలు. ఆమె గ్లవ్స్ విప్పి చెత్తబుట్టలో వేసింది. కొత్త జత తొడుక్కుని తర్వాతి మనిషి చెయ్యి పట్టుకుంది. మొదటిసారి సూదికి నరం దొరకలేదు.

డ్యూటీ దిగి వనస్థలిపురంలోని తన ఇంటికి పోలేదు. ఎల్బీనగర్‌లో తల్లి కిరాయికి ఉండే ఇంటికి వెళ్లింది. మధు డాబా మీద ఫోన్ మాట్లాడుతున్నాడు. ఆమెను చూసి పెట్టేశాడు.

"అక్కా, నీకు చెప్దమనే అనుకున్న."

"ఎప్పుడు? ఓటీటీలకొచ్చినంకనా?"

"జనం ఉంటలేరక్కా ఆ సీన్ల. నువ్వు గూడ చూసినవ్ గదా."

"చూసిన. పదకొండు మంది లేసి పోయిండ్రు. మిగిలినోళ్లు కూసున్నరు. పోయినోళ్ల మాటినుడేనా నీకు, కూసున్నోళ్లు కనవడలేదా?"

"సినిమా బతకాలె గదక్కా. సోమవారం ఎత్తేసిండ్రంటే నీ సీను గూడ ఎవ్వడు చూడడు."

"రేపటి సంది చూస్తున్నరా?"

మధు పిట్టగోడ మీద కూర్చున్నాడు. "నాలుగేండ్లక్కా. ఇది పోతే నాకు ఇంకో సినిమా రాదు."

"నాకొచ్చిందా ఇంకో పరీక్ష?"

అతను తల దించాడు. "యూట్యూబ్ల డిలీటెడ్ సీన్ అని పెడతం. పూర్తిగ. ఒక్క మాట తియ్యం. వంశీ గూడ ఒప్పుకున్నడు."

"ఆయన ఒప్పుకునుడేంది? సీను ఆయనదా? కొత్త క్లైమాక్స్ ఏంది, అది చెప్పు ముందు."

"వాడు వచ్చి పక్కన కూసుంటడు. శైలు వాని దిక్కు చూసి నవ్వుతది. కండక్టర్ రెండు టికెట్లు చింపి ఇస్తడు. ఎండ్."

"నవ్వుతదా? తన్మయి ఆడ నవ్వనే లేదు గద. యాడికెల్లి తెచ్చినవ్ ఆ నవ్వు?"

"మొదట్ల, వాడు ఎంట పడకముందు, కిటికీల నుంచి కుక్కపిల్లను చూసి నవ్వుతది గదా. గా షాట్."



"కుక్కపిల్లను చూసి నవ్విన నవ్వు తీస్కపోయి వానికిచ్చినవ్."

"అక్కా..."

"అప్పుడు నిన్ను తోడు రమ్మన్న. యాదికుందా? ఒక్కరోజొచ్చినవ్. వాన్ని చూసినవ్. హయత్‌నగర్ల దిగినంక నాకేం చెప్పినవ్?"

మధు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఏం చెప్పినవ్ రా?"

"బస్సు మార్చుకోమన్న."

"అప్పుడంటే చిన్నోనివి, భయపడ్డవ్. ఇప్పుడేమైంది నీకు? ఎవనికి భయపడుతున్నవ్? పార్కింగుల బండి తీసేటోనికా?"

కింద నుంచి తల్లి ముత్తమ్మ కేక వేసింది. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో వంట చేస్తుంది. తండ్రి మట్టయ్య డీసీఎం నడుపుతాడు. ఆ వారం లోడు మీద విజయవాడ పోయి ఉన్నాడు.

"ఏంది లొల్లి మీది? ఓనరు ఇంటే ఖాళీ చెయ్యమంటడు. జర సప్పుడు తగ్గియ్యుండ్రి! విజ్జీ, రేపు మ్యాట్నీకి హాస్టల్ పోరిలను తోల్కపోతున్న, తమ్ముని సినిమాకు. నువ్వు గూడ రా."

విజయశ్రీ పిట్టగోడ దగ్గరకు వచ్చి కిందికి చూసింది. ఆ పరీక్ష సంగతి తల్లికి తెలియదు. తెలిస్తే ఆ రోజే కోచింగ్ మాన్పించేది. అందుకే చెప్పలేదు. తర్వాత పదేళ్లు ఇంట్లో ఏ పని చెడినా ముత్తమ్మ ఆమెను ఒకే మాట అనేది. పరీక్ష అంటే జరమొచ్చే పిల్ల.

"వస్తనమ్మా" అంది.

ఆదివారం మ్యాట్నీకి మూడు వందల ఎనభై ఎనిమిది టికెట్లు తెగాయి. ముత్తమ్మ పద్నాలుగు మంది హాస్టల్ అమ్మాయిలను కింద మధ్య వరుసలో కూర్చోబెట్టి తాను చివర కూర్చుంది. ఆమె పక్కన విజయశ్రీ.

హంతకుడు దొరికాడు. వెంటపడినవాడు వచ్చి శైలు పక్కన కూర్చున్నాడు. శైలు నవ్వింది. కండక్టర్ రెండు టికెట్లు చింపాడు. హాలు చప్పట్లు కొట్టింది. ఈలలు వేశారు. ఎవరో కాగితాలు ఎగరేశారు. ముత్తమ్మ కూడా చప్పట్లు కొట్టింది. కొడుకు ఎక్కడున్నాడో అని వెనక్కి తిరిగి వెతికింది.

బయట శ్రీకర్ మైకు ఆమె ముందు పెట్టాడు.

"అమ్మా, ఎట్లుంది సినిమా?"

"మంచిగుంది బిడ్డా. నా కొడుకే తీసిండు."

"ఓ! డైరెక్టర్ గారి మదర్! హీరో నచ్చిండా అమ్మా?"

"ఆ పిలగాడా? మంచోడు. ఎంటవడ్డడు గనీ పాణం కాపాడిండు గద. గసుంటోడు దొర్కుతె ఏ పిల్లకైనా..."

ఆ మాట పూర్తి కాలేదు. విజయశ్రీ మైకు లాక్కుంది. శ్రీకర్ చెయ్యి దానితో పాటే వచ్చింది.

"ఆ సీటు మీద రాసింది నా పేరు" అంది. "శైలు కాదు, విజయశ్రీ. పదకొండు సీట్ల మీద రాసిండు. పదకొండు సీట్లు తుడిసిన నేను. వాడు ఎవ్వరి పాణం కాపాడలే. వాడు నా పరీక్ష తిన్నడు. నవ్విందట ఆ పిల్ల. నవ్వలే! బస్సు ఆపి తొమ్మిది నిమిషాలు వాన్ని కడిగింది. ఇయ్యాల పొద్దుగాల దాంక సినిమాల ఉండె అది. మీకు బోరు కొట్టిందంట. అందుకని కోసేసిండ్రు. గిప్పుడు మంచిగున్నదా మీకు? మంచిగ కొట్టిండ్రా సప్పట్లు?"

గేటు దగ్గర మనుషులు ఆగారు.

"అంటే రియల్ స్టోరీనా అక్కా?" శ్రీకర్ గొంతు పెరిగింది. "వాడిప్పుడు యాడున్నడు? ఒక్కసారి కెమెరా దిక్కు చూసి చెప్పుండ్రి అక్కా."

ఆమె మైకు వదిలేసింది.

"ప్రమోషన్ రా బై ఇది" అన్నాడు వెనక ఒకడు. "అక్క యాక్టింగ్ ఇరగదీసింది."

"నోరు ముయ్. తమాషనా?" అంది ఒక హాస్టల్ అమ్మాయి.

వంశీకృష్ణ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "అక్కా, సరిగ్గా పడింది. నేను సీరియస్‌గా చెబుతున్నాను. ఇంకో రెండు ఛానళ్లున్నాయి, ఇదే మాట అక్కడ కూడా..."

"వంశీ, ఇంకో మాటన్నవంటే చెప్పు తెగుతది."

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. అతని వెనక మధు ఉన్నాడు.

ముత్తమ్మ ఇంకా మైకు ముందు నిలబడిన చోటే నిలబడి ఉంది. కూతురి ముంజేయి పట్టుకుంది.

"పరీక్ష దినం జరం?"

"జరం లేదమ్మా."

"మరి?"

"ఆ దినం గూడ వాడు బస్టాపుల ఉంటడని తెలుసు."

ముత్తమ్మ కొడుకు వైపు తిరిగింది. "నీకెర్కనా?"

"ఎర్కనే."

"ఎప్పటి సంది?"

"అప్పటి సంది."

"పదేండ్లు దాన్ని తిట్టిన నేను. పండుగకు తిట్టిన, పెండ్లిల తిట్టిన, దాని అత్తగారి ముంగట తిట్టిన. నువ్వు ఆడ్నే కూసొని అన్నం తిన్నవ్. ఒక్కపారి అమ్మా ఊకో అనలే."

మధు ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"గా కోసింది నాకు చూపియ్యి."

"ఇంట్ల ల్యాప్‌టాప్ల ఉందమ్మా. పోయినంక చూపిస్త."

"ఇంట్ల ఎందుకు? గంతమంది కూసొని వానికి సప్పట్లు కొట్టిండ్రు. నాతోని గూడ కొట్టిచ్చినవ్. గీడ్నే చూపియ్యి. గంతమందిల చూపియ్యి."

వెంకట్రావు గదిలో ఫ్యాను తిరుగుతోంది. ముత్తమ్మ కుర్చీ వద్దంది. వెంకట్రావు ఆమె చెప్పింది విన్నాడు. మధ్యలో రెండుసార్లు కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు.

"రెండు వెర్షన్లూ మిషన్లోనే ఉన్నాయమ్మా. ఏది నొక్కితే అది పడుతుంది. కానీ ఫస్ట్ షో చూసే రేపటి సంగతి తేలుస్తానని వీళ్లకి ముందే చెప్పాను. జనం లేచి వెళ్తే నేను మాట మార్చను. నాకు హాలు నడవాలి. డైరెక్టర్ గారు చెప్పాలి."

"మధూ, వద్దు" అన్నాడు వంశీకృష్ణ. "మ్యాట్నీ చూశావుగా. రేపు అమ్మగారికి ప్రైవేట్‌గా వేయిద్దాం. ఉదయం తొమ్మిదింటికి ఖాళీయేగా హాలు. నేనే మాట్లాడతాను."

మధు అక్క వైపు చూడలేదు. తల్లి వైపు చూడలేదు.

"పాతది ఎయ్యుండ్రి సార్" అన్నాడు.

వంశీకృష్ణ తలుపు తీసుకుని బయటికి పోయాడు. తలుపు గోడకు కొట్టుకుంది.

ఫస్ట్ షో ఆరుంపావుకు. నాలుగు వందల రెండు టికెట్లు. హాస్టల్ అమ్మాయిల్లో ఐదుగురు తెల్లారి పరీక్ష ఉందని పోయారు. తొమ్మిది మంది మళ్లీ టికెట్లు తీసుకున్నారు. ముత్తమ్మ సినిమా మొత్తం మళ్లీ చూసింది. సీటు మీద పేరు కనిపించినప్పుడు ఈలలు పడ్డాయి. ఈసారి ఆమె ఈల వేసినవాళ్ల వైపు తిరిగి, వాళ్లు ఆపేదాకా చూసింది.

శైలు లేచి బస్సు ఆపించింది. మొదటి అర నిమిషం హాలు ఊరుకుంది. తర్వాత ముందు వరుసల్లో ఒకడు లేచాడు.

"అరే, ఇది తీసేసినం అన్నరు గదరా! పోస్టర్ల ఉండె గద!"

"మోసం! కొత్త క్లైమాక్స్ ఎయ్యాలె!"

"దిగవే తల్లీ! బస్సు పోనియ్!"

"మీరే దిగుండ్రి!" హాస్టల్ అమ్మాయి ఒకతి కుర్చీ మీదికి ఎక్కింది. "ఇనబుద్ధి కాకుంటే బయటికి నడువుండ్రి!"

"టికెట్ కొన్నం మేడం, నీ అయ్య జాగీరా?"

"అయ్యను అంటవా? రారా ఇటు, చెప్తా!"

ఈలలు, కుర్చీల చప్పుడు, రెండు పక్కల నుంచీ తిట్లు. తెర మీద తన్మయి పెదవులు కదులుతున్నాయి. ముత్తమ్మ ముందుకు వంగి చెవి వెనక చెయ్యి పెట్టుకుంది. తొమ్మిది నిమిషాలూ అలాగే కూర్చుంది. శైలు బస్సు దిగింది. రోడ్డు పక్కన నడిచింది. లైట్లు వెలిగాయి.

విజయశ్రీ రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని ఉంది.

"ఏమన్నది?" అని అడిగింది ముత్తమ్మ. "ఒక్క ముక్క ఇనవడలే."

"పోదాం పా అమ్మా. ఇంట్ల చెప్త."

ముత్తమ్మ లేచింది. తెరకు వీపు పెట్టి, పైన ఆపరేటర్ గది కిటికీ వైపు తల ఎత్తింది. ఆమె పుట్టింది నల్గొండ జిల్లా పల్లెలో. చిన్నప్పుడు దేవరకొండ టాకీసులో సినిమాలు చూసింది. అక్కడ నచ్చిన పాటను మళ్లీ వేయించుకోవాలంటే జనం ఒక మాట అరిచేవాళ్లు. వాళ్లు ఆపకపోతే ఆపరేటర్ వేసేవాడు. మళ్లీ చూపించమని అడగడానికి ఆమెకు తెలిసిన మాట అదొక్కటే.

"వన్సుమోర్!"

తలుపుల వైపు పోతున్నవాళ్లు ఆగారు. కొందరు నవ్వారు.

"వన్సుమోర్!"

"పెద్దమ్మా, అది పాటలకు అంటరు" అన్నాడొకడు.

"నువ్వు పో ఇంటికి. నిన్నడిగిన్నా?"

కుర్చీ ఎక్కిన అమ్మాయి దిగకుండానే అందుకుంది. మిగతా ఎనిమిది మంది అందుకున్నారు. బాల్కనీలో ఎవరో ఇద్దరు ఆడవాళ్లు అందుకున్నారు. వాళ్లెవరో విజయశ్రీకి కనిపించలేదు. కుర్రాళ్లలో కొంతమంది వెక్కిరింపుకు అందుకున్నారు. హాలంతా ఆ మాటే వినిపించింది.

వెంకట్రావు తలుపు దగ్గరకు వచ్చాడు. తెర పక్కన నిలబడిన మధు వైపు చూశాడు. బయటికి పోతున్న జనాన్ని చూశాడు. ఈ సీటు నుంచి ఆ సీటుకు మాటలు రువ్వుకుంటున్నవాళ్లను చూశాడు.

"ఏం చేయమంటారు?"

"సీను మొదట్నుంచి ఎయ్యుండ్రి సార్."

"రేపటి ఆటలు నేను ఇవ్వలేను. ఇప్పుడే చెబుతున్నాను."

"ఎర్కే సార్. ఎయ్యుండ్రి."

వెంకట్రావు ఫోన్ తీసి పైకి చెప్పాడు. లైట్లు ఆరాయి. సగం మంది వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో కొందరు వినడానికి కూర్చున్నారు. కొందరు ఏం జరుగుతుందో చూద్దామని కూర్చున్నారు. శైలు లేచి బస్సు ఆపించింది. ముత్తమ్మ కూర్చోలేదు. కూతురి భుజం మీద చెయ్యి వేసి తెర వైపు చూస్తూ నిలబడింది.

వెనక సీటు నుంచి ఒక కుర్రాడు అన్నాడు. "పెద్దమ్మా, జర కూసో. కనిపిస్తలేదు."

ఆమె వెనక్కి తిరగలేదు.

"నువ్వు గూడ లేసి నిలబడు" అంది.